నలుగుపిండి నుండి బ్యూటీ పార్లరు దాకా: మా తుక్కుగూడ పెళ్ళిళ్ళలో ఒంటి సింగారం

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా ఒక వ్యాసం రాయవలసిందిగా కార్యవర్గ మిత్రులు కోరినారు. కరువు భత్యం గురించి, పి.ఆర్.సి. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు మనలో ఎందరో ఉన్నారు. కనుక నేను మన ఇళ్ళలో తరచుగా వచ్చే ఒక శుభకార్యానికి సంబంధించిన, కానీ ఎవరూ చరిత్ర కింద జమకట్టని ఒక విషయం ఎంచుకున్నాను. అదేమంటే, పెళ్ళికి ముందు పిల్లకు, పిల్లవానికి చేసే ఒంటి సింగారం. ఒకప్పుడు దీనిని నలుగు అన్నాము. ఇప్పుడు మన మనుమలు, మనుమరాళ్ళు బ్రైడల్ ప్యాకేజీ అంటున్నారు. ఈ రెంటి మధ్య అరవై ఏళ్ళలో ఏమి మారింది, ఏమి మారలేదు అన్నది మా ఇంట్లో జరిగిన మూడు పెళ్ళిళ్ళ ఆధారంగా మనవి చేస్తాను.

మాది రంగారెడ్డి జిల్లా తుక్కుగూడ. ఇబ్రహీంపట్నం, మహేశ్వరం పల్లెల నడుమ, శ్రీశైలం పోయే రోడ్డు మీద ఉన్న ఊరు. పంచాయతీరాజ్ శాఖలో పనిచేసి 2006లో రిటైరైనాను. ఉద్యోగరీత్యా ఎన్ని ఊళ్ళు తిరిగినా పెళ్ళిళ్ళు మాత్రం సొంత ఊళ్ళోనే చేసినాము.

పూర్వపు దాఖలాలు

ఒంటికి పిండి రుద్దుకొని స్నానం చేయడం మన దేశంలో చాలా పాత అలవాటు. ఆయుర్వేదంలో దీనిని ఉద్వర్తనం అంటారు. సుశ్రుత సంహితలో దాని ప్రస్తావన ఉన్నది. ఆరవ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో సుగంధ ద్రవ్యాల తయారీకి ఒక అధ్యాయమే కేటాయించినాడు. కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో రాసిన మానసోల్లాసంలో రాజుగారి స్నానానికి తైలాలు, నలుగుపిండ్లు ఎట్లా సిద్ధం చేయాలో వివరాలున్నవి. ఆ కళ్యాణి 1956లో రాష్ట్రాల పునర్విభజన దాకా మన హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలోనే ఉండేదని పాత మిత్రులకు గుర్తుండే ఉంటుంది.

కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనంలో ఓడల మీద వచ్చే సరుకులకు సుంకాలు నిర్ణయించినాడు. ఆ జాబితాలో గంధపు చెక్క, కర్పూరం, పన్నీరు, జవ్వాది ఉన్నవి. అంటే సముద్రం దాటి వచ్చిన ఖరీదైన సింగార వస్తువులు మన తెలుగు దేశానికి కొత్త ఏమీ కాదు. అయితే అవి కలిగినవారికే. సామాన్యుని ఇంటికి మాత్రం పెరటి పసుపు, పెసరపిండి, నువ్వుల నూనె ఇవే గంధాలు, ఇవే పన్నీరు.

హైదరాబాదు నగరం పక్కన ఉండడం వల్ల మా ప్రాంతానికి ఇంకొక సంప్రదాయం కూడా పరిచయమే. ముస్లిం కుటుంబాల్లో పెళ్ళికి ముందు మాంఝా అని చేస్తారు. పెళ్ళికూతురికి పసుపుపచ్చ బట్టలు కట్టి, చిక్సా అనే సుగంధపు పిండి ముద్ద ఒంటికి రాస్తారు. మా వీధిలో నలుగు, పక్క వీధిలో చిక్సా. పేరు వేరు, పని ఒక్కటే.

1962: అక్క పెళ్ళి

మా అక్క పెళ్ళి 1962 ఎండాకాలంలో అయింది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. లగ్గం పెట్టుకున్న నాటి నుండి పెళ్ళికి నెల పదిహేను దినాలు వ్యవధి ఉన్నది. మా మేనమామ బేగంబజారు పోయి పసుపు కొమ్ములు, కచ్చూరాలు, వట్టివేళ్ళు, బావంచాలు, కుంకుడుకాయలు పట్టుకొచ్చినాడు. మంచి రోజు చూసి పసుపు కొట్నం పెట్టినారు. రోకలికి పసుపు కొమ్ము కట్టి, ఐదుగురు ముత్తైదువలు పాటలు పాడుతూ రోట్లో దంచినారు. విసుర్రాయిలో పెసలు, శనగలు విసిరి పిండి పట్టినారు. అన్నీ కలిపి జల్లెడ పట్టి ఒక కొత్త కుండలో పోసి మూత కట్టినారు. అదే ఆనాటి మేకప్ కిట్టు.

ఐదు దినాలు వరుసగా నలుగు పెట్టినారు. ముందు నువ్వుల నూనె మర్దనా, ఆ పైన పిండి, ఆ పైన వేడినీళ్ళు, తలకు కుంకుడు రసం. పెళ్ళినాడు మైలపోలు స్నానం. మంగలి వచ్చి గోళ్ళు తీసినాడు. కాళ్ళకు పారాణి, చేతులకు మైదాకు. పెళ్ళిపీటల మీద అక్క ముఖం చూసి, ఇది మా అక్కేనా అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించవలసి ఉన్నది. ఆ నిగారింపు పసుపుతో వచ్చిందా? నా అభిప్రాయంలో, పసుపు వంతు కొంత. మిగిలినదంతా విశ్రాంతి వల్ల వచ్చింది. లగ్గం కుదిరిన నాటి నుండి అక్కను పొలానికి పంపలేదు. బావి నీళ్ళు చేదనివ్వలేదు. ఎండకు పోనివ్వలేదు. రాత్రి గ్లాసెడు పాలు, పగలు ఒక కునుకు. పుట్టినప్పటి నుండి ఆ పిల్లకు ఎవరూ ఇవ్వని నెలరోజుల సెలవు అది. మన చర్మం పై పొర పూర్తిగా మారడానికి ఇంచుమించు నాలుగు వారాలు పడుతుందని ఇప్పటి చర్మవైద్యులు చెబుతారు. మన పెద్దవాళ్ళకు ఆ లెక్క తెలియదు. కానీ నెల ముందే పిల్లను ఎండ నుండి తప్పించాలని తెలుసు.

అయితే పాతదంతా బంగారం అని నేను చెప్పబోవడం లేదు. ఆ పెళ్ళిలో రెండు విషయాలు నాకు నేటికీ ముల్లులా గుచ్చుకుంటవి. మొదటిది, అక్కది చామనఛాయ. "పిల్ల రంగు తక్కువ" అన్న మాట మీద అవతలివారు కట్నం మరో ఐదు వందలు పెంచినారు. వరకట్న నిషేధ చట్టం వచ్చింది అంతకు ముందటి ఏడే, 1961లో. చట్టం ఢిల్లీలో ఉన్నది, ఐదు వందలు మా ఇంట్లో నుండి పోయినవి.

రెండవది మా అమ్మ సంగతి. మా నాయన 1958లో కాలం చేసినాడు. అందుచేత కన్నబిడ్డకు నలుగు పెట్టే యోగం అమ్మకు లేకపోయింది. పసుపు ముట్టరాదన్నారు. పిండి విసిరింది అమ్మ, నీళ్ళు కాచింది అమ్మ, కుంకుళ్ళు కొట్టింది అమ్మ. నలుగు పెట్టే వేళకు మాత్రం వంటింటి గడప అవతల నిలబడింది. అక్క తల వంచుకొని కూర్చున్నది గానీ ఆమె చూపంతా ఆ గడప మీదనే ఉన్నది.

డబ్బా స్నో, సబ్బు బిళ్ళ

మా ఊరికి ఆలస్యంగా వచ్చినా, నగరాల్లో కొనుక్కునే సింగారం అప్పటికే నలభై ఏళ్ళ నాటిది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల విదేశాలకు గంధపు చెక్క ఎగుమతి ఆగిపోగా, మైసూరు సంస్థానం వారు 1916లో సొంతంగా గంధపు నూనె తీసే ఫ్యాక్టరీ పెట్టినారు. మైసూర్ శాండల్ సబ్బు దాని నుండి పుట్టినదే. బొంబాయిలో పాటన్‌వాలా గారు 1919లో అఫ్ఘన్ స్నో తెచ్చినారు. లక్స్ సబ్బు 1929లో మన దేశంలో అడుగుపెట్టింది. 1941లో సినీనటి లీలా చిట్నిస్ ఆ సబ్బు ప్రకటనలో కనిపించినారు. అప్పటి నుండి సబ్బుకూ సినిమా తారకూ పెళ్ళి అయిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత విదేశీ సౌందర్య సాధనాల మీద పోయే విదేశీ మారకద్రవ్యాన్ని ఆదా చేయాలన్న ఆలోచనతో టాటా ఆయిల్ మిల్స్ వారు 1952లో లాక్మే ప్రారంభించినారని చెబుతారు. లక్ష్మి అన్న మన మాటకు ఫ్రెంచివారి ఉచ్చారణే లాక్మే. సిమోన్ టాటా గారు దానిని పెంచి పెద్ద చేసినారు. 1971లో షహనాజ్ హుస్సేన్ గారు ఢిల్లీలో తమ ఇంట్లోనే మూలికల సౌందర్య కేంద్రం తెరిచినారు. మన అమ్మమ్మల కుండలోని వస్తువులే సీసాల్లోకి ఎక్కి, సీసాల మీద పేర్లు ఎక్కినవి.

1975లో హిందుస్థాన్ లీవర్ వారి ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. ఇది ఒక మలుపు. అప్పటి దాకా స్నో, పౌడరు, సబ్బు మెరుపునూ సువాసననూ అమ్మినవి. ఇది రంగును అమ్మింది. నలుగు పెట్టిన ముత్తైదువలు పిల్ల తెల్లబడుతుందని ఎన్నడూ పూచీ పడలేదు, నిండుగా ఉండాలని దీవించినారు. ఆ క్రీము ప్రకటనలు మాత్రం తెల్లబడితేనే పెళ్ళి, తెల్లబడితేనే ఉద్యోగం అన్నట్టు చూపించినవి. మా అక్క మీద పడిన ఐదు వందల రూపాయల మాట ఇప్పుడు ట్యూబులో నింపి దేశమంతా అమ్ముడుపోయింది.

1994: అమ్మాయి పెళ్ళి

మా అమ్మాయి పెళ్ళి 1994లో. అప్పటికి బ్యూటీ పార్లర్లు నగరంలో వీధి వీధికీ వచ్చినవి. మా ఇంట్లో నలుగు ఐదు దినాల నుండి ఒక్క దినానికి తగ్గింది. పసుపు పొట్లం కిరాణా దుకాణంలో కొన్నాము. పెళ్ళి ముందటి దినం నగరంలోని ఒక పార్లరుకు అమ్మాయిని ఆమె స్నేహితురాళ్ళు తీసుకుపోయినారు. ఫేషియల్‌తో పాటు బ్లీచ్ చేయించుకుంటే ముఖం వెలిగిపోతుందని అక్కడివారు చెప్పినారట. ముందుగా కొంచెం చెవి వెనక రాసి చూడడం లాంటిది ఏమీ చేయలేదు. రాత్రికి చెంపలు కందిపోయి, పొద్దున్నకు కళ్ళ కింద వాపు వచ్చింది. చర్మవైద్యుని దగ్గరికి పరుగెత్తితే మందు ఇచ్చి, "వారం దినాలు ముఖానికి ఏమీ రాయవద్దు" అన్నాడు. ముహూర్తం ఆరు గంటల్లో ఉన్నది. ఆ మంట మీదనే మేకప్ వేసినారు. మా అమ్మాయి పెళ్ళి ఆల్బం ఇప్పటికీ తెరిచి చూడదు.

బ్లీచ్ అంటే ఏమిటో తరువాత తెలుసుకున్నాను. అందులో ఉండేది హైడ్రోజన్ పెరాక్సైడు, దానిని పనిచేయించే అమోనియా లాంటి క్షారం. అది ముఖం మీది నూగు వెంట్రుకల రంగు పోగొడుతుంది. చర్మం తెల్లబడినట్టు కనబడడం ఆ వెంట్రుకల మాయ. మోతాదు మించినా, సమయం మించినా, ఒంటికి పడకపోయినా కాలుతుంది. మన దేశపు చామనఛాయ చర్మాలకు ఇంకొక ఇబ్బంది ఉన్నది. కాలినచోట, గిచ్చినచోట, గట్టిగా రుద్దినచోట నల్లని మచ్చ మిగిలి నెలల తరబడి పోదు. తెల్లబడబోయి నల్లబడడం అంటే ఇదే.

తెలుపు మోజు, మందుల ముప్పు

ఇక ఇప్పటి పెద్ద ప్రమాదం ముఖానికి స్టెరాయిడ్ లేపనాలు రాయడం. క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ వంటివి కొన్ని చర్మవ్యాధులకు డాక్టరు కొద్దికాలం వాడించే మందులు. మొదటి రెండు వారాలు ముఖం నున్నగా, తెల్లగా కనిపిస్తుంది. ఆపగానే ఎర్రబడి, మండి, మొటిమలు లేస్తవి. భరించలేక మళ్ళీ రాస్తారు. కొన్నాళ్ళకు చర్మం పల్చబడి కింది నరాలు ఎర్రటి గీతల్లాగా కనబడతవి. పెళ్ళి కుదిరిన మా వీధి అమ్మాయి ఒకామె ఎవరో చెప్పగా ఇట్లాంటి ట్యూబు మూడు నెలలు రాసుకొని, ఆ తరువాత ఏడాది పాటు వైద్యం చేయించుకున్నది. ఈ బాధలు పెరిగినందువల్లనే కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదు, కొనరాదు.

స్టెరాయిడ్ తరువాతిది పాదరసం. చర్మంలో నల్లని వర్ణకం తయారు కాకుండా అది అడ్డుపడుతుంది, కనుక తెలుపు త్వరగా వస్తుంది. కానీ అది చర్మం గుండా ఒంట్లోకి దిగి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 జూలై, 2023 సెప్టెంబరు మధ్య మూత్రంలో ప్రోటీను పోయే ఒక రకం కిడ్నీ జబ్బుతో 22 మంది ఒకే ఆసుపత్రికి వచ్చినారు. వారిలో 15 మందికి సాధారణంగా అరుదైన ఒక ప్రత్యేక రకం జబ్బు కనబడింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడుతున్నట్టు తేలింది. పాదరసం మీద మినమాటా అంతర్జాతీయ ఒప్పందం 2013లో కుదిరింది, భారతదేశం 2018లో ఆమోదించింది. అయినప్పటికీ పేరూ ఊరూ లేని డబ్బాలు బజారులోకి వస్తూనే ఉన్నవి. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, అందులో కలిపిన పదార్థాల జాబితా లేని డబ్బాను ఇంట్లోకి రానీయకూడదు.

తెల్లబడడానికి నరంలోకి ఎక్కించే గ్లూటాథయాన్ సూదుల గురించి కూడా ఒక మాట. ఫిలిప్పీన్స్ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే వీటి వల్ల ప్రమాదం ఉన్నదని హెచ్చరించింది. పెళ్ళి పేరుతో నరానికి సూది వేయించుకోవలసిన అవసరం ఏ ఒక్కరికీ లేదు.

ఇందులో కొంత మంచి మార్పు కూడా రాకపోలేదు. ఒంటి రంగును కించపరిచే ప్రకటనలు కూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమాలు చేసింది. నటి నందితా దాస్ గారు నలుపు అందమే అన్న ప్రచారానికి అండగా నిలిచినారు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోని ఫెయిర్ మాట తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారింది. మన ఇళ్ళలోని మాట మారిందా అన్నది మనమే చెప్పుకోవాలి.

పసుపు మీద దావా

పసుపు విషయంలో మన శాస్త్రవేత్తలు చేసిన ఒక గొప్ప పని ఇక్కడ చెప్పుకోకపోతే వెలితి. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో పేటెంటు ఇచ్చినారు. మన సి.ఎస్.ఐ.ఆర్. వారు మషేల్కర్ గారి నాయకత్వంలో 1996లో దానిని సవాలు చేసినారు. ఇది మా దేశంలో తరతరాలుగా తెలిసిన విద్య అని రుజువు చేయడానికి 32 ఆధారాలు సమర్పించినారు. 1997లో అమెరికా వారు ఆ పేటెంటు రద్దు చేసినారు. మన రోటి పసుపు మన చేతనే ఉన్నది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు కూడా మన నిజామాబాదులోనే ప్రారంభమైంది.

అయితే ఇంటి వస్తువు అన్నంత మాత్రాన కళ్ళు మూసుకొని రాయరాదు. బజారులో పొడి పసుపులో మెటానిల్ ఎల్లో అనే రంగు, లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపిన సందర్భాలు పరీక్షల్లో బయటపడినవి. కొమ్ములు కొని దంచించుకోవడం మేలు. నలుగులో వేసే బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. బొల్లి మచ్చల వైద్యంలో దానిని వాడతారు. అది రాసుకొని ఎండలోకి పోతే చర్మం కాలి నల్లబడుతుంది. మా అక్కను నలుగు తరువాత ఎండకు పోనివ్వని కట్టుబాటు వెనుక ఈ అనుభవం కూడా ఉండి ఉండవచ్చు.

2023: మనుమరాలి పెళ్ళి

ఈ లోపల మా తుక్కుగూడ రూపమే మారిపోయింది. 2008లో శంషాబాదు విమానాశ్రయం వచ్చింది. ఆ తరువాత ఔటర్ రింగు రోడ్డు మా ఊరి మీదుగానే పోయింది. ఊరు పురపాలక సంఘమైంది. జొన్న చేలు ఉన్నచోట ఫంక్షన్ హాళ్ళు లేచినవి. ఇతర ఊళ్ళవారు కూడా ఇక్కడికే వచ్చి పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు.

మా అమ్మాయి కూతురు పెళ్ళి 2023లో జరిగింది. పిల్ల ఉద్యోగస్తురాలు. ఒక సంస్థ వారు చెప్పిన ప్యాకేజీ ధర నా మూడు నెలల పింఛనుతో సమానం. అందులో కెమికల్ పీల్, లేజరు, తెల్లబడే డ్రిప్పు అన్నీ కలిపి పెట్టినారు. పిల్ల ఆ కాగితం చదివి, "తాతా, ఇందులో నాకు కావలసినవి రెండే. మిగతావి నన్ను వేరే మనిషిని చేసేవి" అన్నది. ఆరు నెలల ముందే ఒక చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్ళి తన మొటిమలకు వైద్యం చేయించుకున్నది. మేకప్ మనిషిని పెళ్ళికి నెల ముందే పిలిపించి ఒకసారి వేయించి చూసుకున్నది. తల్లికి జరిగినది బిడ్డకు జరగలేదు.

నలుగు దినాన ఇంకొక విశేషం జరిగింది. మా అక్కకు అప్పటికి 78 ఏళ్ళు. బావగారు పోయి పదేళ్ళు దాటింది. ఆమె అలవాటు చొప్పున ఒక మూలకు జరిగి కూర్చున్నది. పిల్ల పీట మీది నుండి లేచి పోయి ఆమె చేయి పట్టుకొని, "అవ్వా, మొదలు నువ్వే పెట్టాలె" అన్నది. ఎవరూ ఏమీ అనలేదు. ఒకరిద్దరు గొణిగినా మా అమ్మాయి కళ్ళెర్రజేసే సరికి ఊరుకున్నారు. అక్క చేతులు వణికినవి. పిల్ల చెంపలకు నలుగు రాసి, "మా అమ్మ పెట్టినట్టే ఉన్నదే" అన్నది. మా అమ్మ ఆమెకు ఎన్నడూ పెట్టలేదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి ఆ పందిట్లో నేనొక్కణ్ణే.

తేదీ నుండి వెనక్కి లెక్క

పింఛనుదారులమైన మనకు లెక్కలు రాయడం అలవాటే గనుక, వైద్యులు చెప్పినవి, మేము పాటించినవి పెళ్ళి తేదీ నుండి వెనక్కి లెక్కగా ఇస్తున్నాను.

ఆరు నెలల ముందు: మొటిమలు, మచ్చలు, జుట్టు రాలడం ఉంటే చర్మవైద్యుని వద్దకు పోవాలి. మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నన్ని రోజులూ, ఆపిన తరువాత కనీసం ఒక నెల దాకా గర్భం రాకూడదు, శిశువుకు హాని. పెళ్ళి తేదీ డాక్టరుకు ముందే చెప్పాలి. లేజరుతో వెంట్రుకలు తీయించుకునేవారికి నాలుగు నుండి ఆరు వారాలకొకసారి చొప్పున ఐదారు మార్లు అవసరం కావచ్చు. అది నెలలో తేలే పని కాదు.

మూడు నెలల ముందు: ఎండ నుండి కాపాడుకోవడం మొదలుపెట్టాలి. ఎస్.పి.ఎఫ్. 30 గానీ అంతకు మించి గానీ ఉన్న సన్‌స్క్రీన్ రాసుకోవడం, ఎండలో ఉంటే రెండు మూడు గంటలకొకసారి మళ్ళీ రాయడం. ఇది ఒక్కటి చేసినా చాలా ఖర్చు తప్పుతుంది.

నెల ముందు: పీల్, లేజరు వంటివన్నీ ఇంతటితో ఆపాలి. మేకప్ ఒకసారి వేసి చూసుకోవాలి. ఇక మీదట కొత్త క్రీము, కొత్త సబ్బు వద్దు. ఏదైనా వాడక తప్పకపోతే మోచేతి లోపలి వైపు కొంచెం రాసి రెండు రోజులు చూడాలి.

వారం ముందు: తేలికపాటి ఫేషియల్ అలవాటు ఉన్నవారు చేయించుకోవచ్చు. అలవాటు లేనివారికి నలుగే మేలు.

రెండు రోజుల ముందు: మైదాకు. దాని రంగు ఒకటి రెండు రోజుల్లో గాలి తగిలి ముదురుతుంది. వెంటనే నల్లగా పండుతుందని అమ్మే నల్ల మెహందీ వద్దు. అందులో జుట్టు రంగులో వేసే పి.పి.డి. అనే రసాయనం కలుపుతారు, బొబ్బలు లేస్తవి.

మన వయసువారికి కూడా ఒక మనవి. మనుమరాలి పెళ్ళి ఫోటోలో నల్లజుట్టుతో కనబడాలన్న కోరిక మనకూ ఉంటుంది. ఆ రంగులో ఉండేదీ పి.పి.డి.నే. ముందుగా చెవి వెనక రాసి రెండు రోజులు చూసుకోండి. లేదా నెరిసిన జుట్టుతోనే అక్షింతలు వేయండి, ఆశీర్వాదానికి లోటేమీ రాదు.

పెద్దల బాధ్యత

2024 ఫిబ్రవరిలో మన నగరంలోనే, పెళ్ళి కుదిరిన ఒక యువకుడు నవ్వు అందంగా కనిపించాలని పళ్ళకు చికిత్స చేయించుకోవడానికి వెళ్ళి ప్రాణాలతో తిరిగి రాలేదు. పత్రికల్లో చదివి నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ పిల్లవాని నవ్వు బాగా లేదని ఎవరన్నా అన్నారేమో నాకు తెలియదు. కానీ మన ఇళ్ళలో పెళ్ళి మాట మొదలైన నాటి నుండి పిల్లల రంగు గురించి, లావు గురించి, పళ్ళ గురించి వ్యాఖ్యానించే నోళ్ళలో సగం మనవంటి పెద్దల నోళ్ళే అన్నది అందరికీ తెలుసు.

మన పెద్దలు నలుగు పేరుతో పెళ్ళికూతురికి ఇచ్చిన వాటిలో పనికివచ్చినవి మూడు: వ్యవధి, విశ్రాంతి, పదిమంది చేతుల స్పర్శ. ఈ మూడూ ఏ ప్యాకేజీలోనూ దొరకవు. ఇవ్వగలిగింది ఇంట్లో ఖాళీగా ఉన్న మనమే. తేదీ ముందుగా ఖాయం చేసి వ్యవధి ఇద్దాము. ఆఖరి నెలలో పిల్లను బజార్ల వెంట తిప్పకుండా విశ్రాంతి ఇద్దాము. నలుగు పెట్టే చేతుల్లో పసుపు ముట్టరాదన్న చేయి ఒక్కటి కూడా లేకుండా చూద్దాము. రంగు మాట ఎవరు ఎత్తినా అక్కడికక్కడే ఖండిద్దాము. వీటికి పింఛనులో ఒక్క రూపాయి తరుగు పడదు.

ఈ సంవత్సరం ఇళ్ళల్లో శుభకార్యాలు తలపెట్టిన సభ్యులందరికీ నా శుభాకాంక్షలు. సెలవు.